లారీ ఇంజిన్ హెడ్‌లో విరిగి ఉండిపోయిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులను తీసే విధానం

చల్లగా ఉన్న లారీ ఇంజిన్‌ను స్టార్ట్ చేయగానే ఒక పక్క నుంచి టిక్కుటిక్కుమని లయబద్ధంగా శబ్దం వచ్చి, కాసేపు తిరిగి వేడెక్కాక అది దానంతట అదే అణిగిపోతుంటే, చాలామంది ముందుగా వాల్వులను అనుమానిస్తారు. ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వు మీద ఉంచే సన్నని ఎడం) సరిచేయిస్తారు. మర్నాడు పొద్దున్నే శబ్దం మళ్లీ మొదలవుతుంది. అటువంటి ఇంజిన్‌లో సిలిండర్ హెడ్‌కూ (సిలిండర్ల పైమూత), ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కూ (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే పోత గొట్టం) మధ్యనున్న అతుకు వెంట టార్చిలైటు వేసి చూస్తే, ఎక్కడో ఒకచోట నల్లని మసి చారలా పాకి ఉంటుంది, దాని పక్కనే బోల్టు తల ఉండవలసిన చోట ఖాళీ రంధ్రం కనిపిస్తుంది. వేడికి మానిఫోల్డ్ వ్యాకోచించి ఆ సందును మూసేస్తుంది కాబట్టే శబ్దం ఆగుతోంది తప్ప లోపం పోయి కాదు. టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం) ఉన్న ఇంజిన్‌లో దాని టర్బైన్‌ను తిప్పవలసిన వాయువు ఆ సందులోంచి బయటికి పోతుంది కనుక ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది. ఆ పొగ క్యాబిన్‌లోకి చేరితే కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణాపాయం కూడా ఉంది.

బోల్టు ఎందుకు విరిగిందో తెలిస్తే దాన్ని ఎలా తీయాలో సగం తెలిసినట్టే. పోత ఇనుము ప్రతి డిగ్రీ వేడికీ మీటరుకు మిల్లీమీటరులో దాదాపు వందో వంతు పెరుగుతుంది. 80 సెంటీమీటర్ల పొడవున్న మానిఫోల్డ్ బరువు లాగుతూ 500 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే 4 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. నీటితో చల్లబడుతున్న హెడ్ మాత్రం ఒక మిల్లీమీటరు కూడా సాగదు. ఈ తేడా అంతా చివరి బోల్టుల మీద పడుతుంది. అందుకే మొదటి, ఆఖరి సిలిండర్ల దగ్గరి బోల్టులే ముందు విరుగుతాయి. పొడవాటి ఇంజిన్లకు మానిఫోల్డ్‌ను రెండు మూడు ముక్కలుగా చేసి, ఒకదానిలో ఒకటి జారే జాయింట్లు పెట్టేది ఈ సాగుడుకు చోటివ్వడానికే. ఆ జాయింట్లు మసితో బిగుసుకుపోతే మూడు ముక్కలూ ఒకే ముక్కలా సాగి బోల్టును కోసేస్తాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. తల తెగిపోయిన క్షణంలోనే ఆ బోల్టు మీద బిగింపు పోయింది. ఇప్పుడు హెడ్‌లో మిగిలిన ముక్కను పట్టుకుని ఉన్నది మరల మధ్య పేరుకున్న తుప్పు, మసి మాత్రమే. కాబట్టి బలంతో తిప్పే ప్రయత్నానికి ముందు ఆ తుప్పు పట్టును వదిలించాలి. ఈ పనిలో జరిగే నష్టాలలో అధిక భాగం ఈ వరుసను తలకిందులు చేయడం వల్ల జరిగేవే.

విరగని బోల్టుల సంగతి ముందు

విరిగింది ఒకటే అయినా మానిఫోల్డ్ దింపాలంటే మిగిలినవన్నీ విప్పాలి, అవి కూడా అదే వేడిని, అదే తుప్పును అనుభవించినవే. ఒక బోల్టు తీయబోయి మరో మూడు విరగ్గొట్టుకోవడం ఈ పనిలో మామూలు ముచ్చట. ముందురోజు సాయంత్రమే ప్రతి బోల్టు మొదట్లోనూ తుప్పు వదిలించే నూనె పట్టించి, రాత్రి పడుకునే ముందొకసారి, పొద్దున మరొకసారి పోయాలి. విప్పేటప్పుడు ఆరు పలకల సాకెట్‌నే వాడాలి. పన్నెండు మూలలది తుప్పుతో అరిగిన తలను గుండ్రంగా తినేస్తుంది. సాకెట్ వేసే ముందు బోల్టు తల మీద సుత్తితో నిటారుగా రెండు మూడు దెబ్బలు వేయడం మంచిది, ఆ అదురుకు తుప్పు పగులుతుంది. తర్వాత ముందుగా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పి, ఆపైన విప్పే వైపు లాగాలి.

ఇక్కడ చెవి, చెయ్యి రెండూ పని చేయాలి. బోల్టు కదులుతున్నప్పుడు కిర్రుమని పొడి శబ్దం వస్తే అది మంచి సూచనే, మరలు ఒరుసుకుంటూ తిరుగుతున్నాయన్నమాట. శబ్దమేమీ లేకుండా పానా చేతికి రబ్బరులా మెత్తగా సాగినట్టు అనిపిస్తే బోల్టు తిరగడం లేదు, మెలిపడుతోంది. ఆ మెత్తదనం తెలిసిన మరుక్షణమే ఆపాలి; ఇంకో పావు చుట్టు లాగితే తల చేతిలోకి వస్తుంది. అలాంటి బోల్టును మళ్లీ బిగించే వైపు తిప్పి, నూనె పోసి, గ్యాస్ మంటతో గానీ ఇండక్షన్ హీటర్‌తో (కరెంటు చుట్టతో మంట లేకుండా లోహాన్ని కాచేది) గానీ కాచి, కొద్దిగా చల్లారాక అటూ ఇటూ ఊపుతూ తీయాలి. వేడి బోల్టు మొదట్లో మైనపు కొవ్వొత్తిని ఆనిస్తే అది కరిగి మరలలోకి పీల్చుకుపోతుంది. చాలాచోట్ల ఖరీదైన నూనెల కన్నా ఇదే బాగా పనిచేయడం నేను చూశాను.

అల్యూమినియం హెడ్ అయితే మంట విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, కరిగే ముందు ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. అక్కడ మంటకు బదులు, బోల్టును మాత్రమే కాచే ఇండక్షన్ చుట్టను వాడడమే క్షేమం.

పని మొదలుపెట్టే ముందు

బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. వెల్డింగ్ చేయబోతుంటే ఇంజిన్ కంట్రోల్ యూనిట్ కనెక్టర్లను కూడా, తయారీదారు చెప్పిన విధంగా, వేరుచేయడం మంచిది. టర్బోను, వేడి కాచే రేకులను, అడ్డుగా ఉన్న పైపులను తీసి చోటు చేసుకోవాలి. ఒక గంట పట్టే ఈ పనిని తప్పించుకోబోతే డ్రిల్ నిటారుగా పట్టడానికి వీలులేక, తర్వాత ఒక రోజు పోతుంది. డీజిల్ పైపులు, వైరింగ్ తడి గుడ్డతోనో వెల్డింగ్ దుప్పటితోనో కప్పి, మంటలార్పే సిలిండర్‌ను చేతికందేచోట పెట్టుకోవాలి.

తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ పోర్టులన్నిటినీ గుడ్డతో గట్టిగా మూసి, ఎన్ని గుడ్డలు కుక్కారో లెక్క రాసుకోవాలి. ఏదో ఒక సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వు తెరిచే ఉంటుంది. డ్రిల్ చేసిన ఇనుప రజను ఆ దారిన పిస్టన్ మీద పడవచ్చు, లేదా పోర్టులో మిగిలిపోయి స్టార్ట్ చేయగానే టర్బైన్ రెక్కలకు కొట్టుకోవచ్చు.

జిడ్డు తుడవడానికి బ్రేక్ క్లీనర్ వాడే అలవాటున్నవారు ఒక్క విషయం మరువకూడదు. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ ఆవిరి వెల్డింగ్ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. డబ్బా మీద క్లోరిన్ సమ్మేళనం పేరేదైనా కనిపిస్తే దాన్ని వెల్డింగ్ దరిదాపులకు రానివ్వకూడదు.

ముక్క బయటికి ఉంటే, లేదా హెడ్‌తో సమంగా తెగితే

నాలుగైదు మరలు బయటికి కనిపిస్తుంటే, స్టడ్ (తల లేని బోల్టు) తీసే రోలర్ సాకెట్‌తోనో, రెండు నట్లను ఒకదానికొకటి బిగించో ప్రయత్నించవచ్చు గానీ, మానిఫోల్డ్ బోల్టులు అంత సులువుగా లొంగడం అరుదు. ముక్క కాస్త బయటికి ఉన్నా, హెడ్ ఉపరితలంతో సరిసమానంగా తెగినా, ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉన్నా నేను ముందుగా పట్టుకునేది వెల్డింగ్ మెషీన్నే. దీనివల్ల రెండు పనులు ఒకేసారి అవుతాయి: తిప్పడానికి పట్టు దొరుకుతుంది, ముక్క నట్టనడుమ నుంచి వేడి పుడుతుంది. ఆ వేడికి ముక్క ఉబ్బబోతుంది, చుట్టూ ఉన్న హెడ్ దానిని ఉబ్బనివ్వదు. ఆ ఒత్తిడికి తుప్పు నలిగి పొడి అవుతుంది. చల్లారాక ముక్క వెనక్కి కుంచించుకుంటే మరలకూ హెడ్‌కూ మధ్య సన్నని ఎడం ఏర్పడుతుంది. డ్రిల్‌కూ, డ్రిల్ చేసిన రంధ్రంలో దించి ముక్కను తిప్పే ఎక్స్‌ట్రాక్టర్‌కూ లేని గుణం ఇదే.

ముందు తెగిన ముఖాన్ని తీగ బ్రష్‌తో తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. రంధ్రం ముక్క వ్యాసంకన్నా కొద్దిగా చిన్నదిగా ఉన్న వాషరును దానిమీద ఆనించి, మిగ్ వెల్డింగ్ తీగను సరిగ్గా ముక్క మధ్యలో మొదలుపెట్టి, ద్రవం నిండుతున్న కొద్దీ చుట్టుతూ వాషరు అంచుకు కలపాలి. ఆర్క్ మధ్యలోంచి తప్పి హెడ్ మీదికి పోకూడదన్నదే ఇక్కడి మెళకువ. ముక్క బాగా లోపలికి ఉంటే మొదట దానిమీద చుక్క మీద చుక్క పెడుతూ చిన్న దిమ్మెలా పైకి లేపుకుని, ఆ తర్వాత వాషరు పెట్టాలి. హెడ్ అల్యూమినియం అయితే ఉక్కు దానికి అతకదు కాబట్టి ఇది మరింత సులువు. పోత ఇనుము హెడ్ అయితే ఆర్క్‌ను చిన్నదిగా పట్టి తొందరగా ముగించాలి. వాషరు కుదిరాక దానిపైన నట్ పెట్టి, నట్ లోపలి గుంతను అడుగు నుంచి నింపుతూ పైకి రావాలి. ఎం8 (8 మి.మీ. వ్యాసం) ముక్కకు ఎం10 నట్ వాడితే లోపల వెల్డింగ్ తీగ ఆడడానికి చోటుంటుంది. వాషరుకూ నట్‌కూ జింకు పూత ఉంటే ముందే ఆకురాయితో గీకేయాలి. ఆ పొగ పీల్చడం మంచిది కాదు, అతుకు కూడా బుడగలు కట్టి బలహీనపడుతుంది. వెల్డింగ్ ఎర్త్ పట్టును అదే హెడ్ మీద, వీలైనంత దగ్గరగా బిగించాలి. టర్బో మీదో, దూరంగా ఛాసిస్ మీదో పెడితే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది.

వెల్డింగ్ అవగానే పానా వేసి లాగేయాలని చేతులు దురద పెడతాయి. ఎర్రదనం పూర్తిగా పోయేదాకా ఆగాలి, ఎర్రగా ఉన్న లోహం మెత్తగా ఉండి మెలితిరిగి తెగుతుంది. ఒకటి రెండు నిమిషాలయ్యాక, చెయ్యి పెట్టలేనంత వేడి ఇంకా ఉండగానే, మొదట్లో కొవ్వొత్తి మైనం ఆనించి, పొట్టి పానాతో అటూ ఇటూ మెల్లగా ఊపాలి. తొలి కదలిక కంటికి కనబడదు, మొదట్లో ఎర్రని పొడి రాలడమే గుర్తు. ఆ పొడి కనిపించాక పావు చుట్టు ముందుకు, అర పావు వెనక్కి తిప్పుతూ పోతే ముక్క నూనె, మసి కలిసిన ముద్దతో సహా బయటికి వస్తుంది. నట్ ఊడి వస్తే నిరాశపడనక్కరలేదు. ఊడిన ప్రతిసారీ ముక్క ఒక విడత వేడి తిన్నట్టే లెక్క. నాలుగో ఐదో నట్‌కు లొంగిన బోల్టులు ఎన్నో ఉన్నాయి.

డ్రిల్ చేయక తప్పనప్పుడు

ముక్క చాలా లోతున తెగినా, వెల్డింగ్ చేసే చోటు లేకపోయినా డ్రిల్లే దారి. డ్రిల్ పనిలో గెలుపు ఓటములు మొదటి గుంత పెట్టిన చోటే తేలిపోతాయి. తెగిన ముఖం ఎప్పుడూ చదునుగా ఉండదు, ఒక పక్క ఎత్తుగా మరో పక్క పల్లంగా ఉంటుంది. దానిమీద నేరుగా డ్రిల్ పెడితే మొన పల్లం వైపు జారి హెడ్‌ను కొరుకుతుంది. చిన్న గ్రైండర్ రాయితో ముఖాన్ని చదును చేసి, సెంటర్ పంచ్‌ను మధ్యలో ఆనించి ముందు నెమ్మదిగా ఒక దెబ్బ వేసి, అద్దంలో అన్ని వైపుల నుంచి చూసి, గుంత పక్కకు పడితే పంచ్‌ను వాల్చి మధ్యకు నెట్టి, అప్పుడు గట్టిదెబ్బ వేయాలి.

ముక్క పైన హెడ్‌లో కొన్ని మరలు ఖాళీగా ఉంటే అంతకన్నా నమ్మకమైన ఉపాయం ఉంది. అదే కొలత బోల్టును లేత్ మీద పెట్టి నడిమధ్యగా 3 మి.మీ. రంధ్రం ఆసాంతం వేయించాలి. బోలుగా మారిన ఆ బోల్టును ఖాళీ మరలలో బిగించి, దాని గుండా డ్రిల్ దించితే మొన మధ్య తప్పే ప్రశ్నే లేదు. ముక్క ఉపరితలంతో సమంగా ఉన్నప్పుడు మానిఫోల్డ్‌నే తిరిగి బిగించి, దాని రంధ్రంలో ఇమిడే బుష్‌ను దారిగా వాడేవారున్నారు; అయితే సాగుడుకు చోటు కోసం మానిఫోల్డ్ రంధ్రాలు బోల్టు కన్నా పెద్దవిగా ఉంటాయి కాబట్టి, బుష్ నిజంగా ముక్క మధ్యకే వచ్చిందో లేదో చూసుకున్నాకే మానిఫోల్డ్‌ను గట్టిగా బిగించాలి.

ఈ బోల్టుల ఉక్కు గట్టిది, సాధారణ డ్రిల్ బిట్లు త్వరగా మొద్దుబారుతాయి. కోబాల్ట్ కలిసినవి వాడాలి. 3 మి.మీ. బిట్‌ను నిమిషానికి 1,200 చుట్ల దగ్గర, 6.5 మి.మీ. బిట్‌ను 600 చుట్ల దగ్గర తిప్పుతూ, కోత నూనె చుక్కలు వేస్తూ, స్థిరంగా నొక్కాలి. రజను పొడిగా కాక చుట్టలుగా వస్తున్నంతసేపూ బిట్ కోస్తున్నట్టు. వేగం పెంచి, నొక్కకుండా తిప్పితే బిట్ రుద్దుకుని, ముక్క ముఖం గట్టిపడి, తర్వాత ఏ బిట్టూ దిగదు. ఎడమవైపు తిరిగే బిట్లు దొరికితే అవే వాడాలి. కోస్తూ కోస్తూ అవి ముక్కను పట్టి విప్పే వైపే తిప్పుతాయి, అదృష్టం బాగుంటే అదే బయటికి వచ్చేస్తుంది.

ఎంత లోతు వేయాలో పక్క బోల్టు పొడవును కొలిచి, బిట్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి. కొన్ని హెడ్లలో ఈ రంధ్రాలు నీటి గదిలోకి తెరుచుకుంటాయి, మరికొన్నిటిలో రంధ్రం అడుగుకూ నీటికీ మధ్య పలుచని గోడ మాత్రమే ఉంటుంది. ఆ గోడ చిల్లు పడితే ఒక బోల్టు పని కాస్తా హెడ్ పని అవుతుంది.

ఎం8 × 1.25 (మరల మధ్య ఎడం 1.25 మి.మీ.) మరకు 3 తర్వాత 5, ఆ తర్వాత 6.5 మి.మీ. వరకు పెంచి ఆపాలి. ఆ మరకు ట్యాప్ రంధ్రం (మరలు కోసే ముందు వేసే రంధ్రం) 6.8 మి.మీ. కాబట్టి, మధ్యకు వచ్చి ఉంటే ఇప్పుడు మిగిలేది మరల్లో చిక్కుకున్న పలుచని గొట్టం మాత్రమే. దాని అంచును సన్నని ఉలితో లోపలికి వంచి, ముక్కుపటకారుతో పట్టి లాగితే చుట్టలా ఊడి వస్తుంది. ఎం10 × 1.5 అయితే ట్యాప్ రంధ్రం 8.5 మి.మీ., అక్కడ 8 దగ్గర ఆపాలి.

ఇక ఎక్స్‌ట్రాక్టర్ గురించి. కూసుగా ఉండి ఎడమ మెలికలున్న ఆ పనిముట్టును డ్రిల్ చేసిన రంధ్రంలో దించి తిప్పమని పెట్టె మీద రాసి ఉంటుంది. వేడీ నూనె చూపని బోల్టు మీద దాన్ని వాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అది కూసుగా ఉండడం వల్ల దిగుతున్నకొద్దీ ముక్క గోడలను బయటికి నెట్టి మరింత బిగిస్తుంది. తల తెగేంత బలానికే రాని బోల్టు అంతకన్నా సన్నని పనిముట్టుకు వస్తుందనుకోవడం పేరాశ. ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో ఆఖరి సిలిండర్ వెనకున్న బోల్టులో నేనూ ఒకటి దించాను. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ లాగేసరికి సన్నగా టింగుమంది; చేతిలో టీ పిడి మిగిలింది, గాజులా గట్టిదైన దాని మొన బోల్టు లోపల ఉండిపోయింది. ఏ డ్రిల్ బిట్టూ దాన్ని గీరలేకపోయింది. గాలి గ్రైండర్‌కు కార్బైడ్ బర్ (చాలా గట్టి కోత మొన) పెట్టి, నిప్పురవ్వలు మొహాన కొట్టుకుంటుండగా, గుండ ఊదుకుంటూ దాన్ని అరగదీయడానికి తెల్లవారి సాయంత్రం దాకా పట్టింది. అలా విరిగినదానికి కార్బైడ్ బర్, లేదా విద్యుత్ రవ్వలతో లోహాన్ని కొరికే స్పార్క్ ఎరోజన్ యంత్రం, ఈ రెండే మార్గాలు.

మరలు బాగుచేయడం

ముక్క వచ్చాక మరలను శుభ్రం చేయడానికి మరలు కోసే ట్యాప్ కన్నా, మరలు తుడిచే చేజర్ మేలు. కోసే ట్యాప్ ఉన్న లోహాన్ని కూడా కొంత తీసేసి మరను వదులు చేస్తుంది. చేజర్ లేకపోతే పాత బోల్టుకే నిలువునా రెండు గాళ్లు కోసి వాడుకోవచ్చు. గాలి కొట్టే ముందు కళ్లద్దాలు పెట్టుకోవాలి.

డ్రిల్ పక్కకు పోయి మర దెబ్బతింటే తీగచుట్ట ఇన్సర్టు (పాడైన మర చోట దించే కొత్త మర) గానీ గట్టి బుష్ ఇన్సర్టు గానీ వేయాలి. ఇంత వేడి, ఇంత అదురు తినే చోట నేను బుష్ రకాన్నే ఇష్టపడతాను. ఏ రకమైనా ఆ కిట్‌తో వచ్చిన డ్రిల్, ట్యాపులనే వాడాలి, ఎందుకంటే ఇన్సర్టు బయటి మర మామూలు కొలతల్లో ఉండదు.

తిరిగి బిగించడం

పాత గ్యాస్కెట్‌ను (పొగ కారకుండా అతుకు మధ్య పెట్టే పలక) పూర్తిగా గీకి తీసి, మానిఫోల్డ్ ముఖం మీద తిన్నని ఉక్కు బద్దను ఆనించి, కింద ఫీలర్ గేజ్ (సందును కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో చూడాలి. వంకర వర్క్‌షాప్ మాన్యువల్ ఒప్పుకున్న హద్దు దాటితే మిల్లింగ్ చేయించాలి. వంకర మానిఫోల్డ్‌ను బోల్టులతో లాగి కూర్చోబెడితే కొత్త బోల్టులు పుట్టుకతోనే సగం సాగిపోతాయి. ముక్కల మానిఫోల్డ్ అయితే జారే జాయింట్లు చేత్తో కదులుతున్నాయో లేదో చూడడం మరువకూడదు, విరగడానికి అసలు కారణం తరచూ అక్కడే ఉంటుంది.

బోల్టులన్నీ కొత్తవే వేయాలి, అవీ ఆ ఇంజిన్‌కు చెప్పిన రకమే కావాలి. మామూలు బోల్టుల ఉక్కు ఆ వేడిలో బలం కోల్పోతుంది. బోల్టు తల కింద పొడవాటి ఉక్కు గొట్టాలు ఉంటే వాటిని వృథా అనుకుని పారేయకూడదు. వాటివల్ల బోల్టు పొడవుగా ఉండి, మానిఫోల్డ్ సాగినప్పుడు స్ప్రింగులా కొద్దిగా వంగి ఓర్చుకుంటుంది. మరలకు రాగి పేస్టు కన్నా ఎక్కువ వేడి తట్టుకునే నికెల్ పేస్టు పలుచగా రాయవచ్చు. మాన్యువల్‌లోని టార్క్ (బిగించే బలం కొలత) పొడి మరకు చెప్పిందైతే, పేస్టు రాసిన మర మీద అదే అంకె వాడితే బోల్టు ఎక్కువ సాగుతుంది కనుక ఆ విషయం ముందే చూసుకోవాలి. నీటి గదిలోకి తెరుచుకునే రంధ్రమైతే పేస్టు బదులు వేడికి తగిన సీలెంట్ రాయాలి.

గ్యాస్కెట్లను గుర్తు చూసి సరైన వైపు పెట్టి, బోల్టులన్నిటినీ ముందు చేత్తో దించాలి. చేత్తో దిగని బోల్టును పానాతో దించకూడదు, వెనక్కి తీసి మర చూడాలి. మాన్యువల్ వేరే వరుస చెప్పకపోతే మధ్య నుంచి రెండు చివరలకూ, రెండు మూడు విడతల్లో టార్క్ పెంచుతూ బిగించాలి.

పోర్టుల్లో కుక్కిన గుడ్డలను మానిఫోల్డ్ పెట్టే ముందే లెక్కపెట్టి తీయాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి, పని చేసే వేడికి తెచ్చి, పూర్తిగా చల్లారనిచ్చి, మాన్యువల్ చెప్పినట్టయితే టార్క్ మరోసారి చూడాలి. మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి అతుకు పక్కన చెవి పెట్టి వినాలి, వారం తర్వాత మసి చార కోసం టార్చి వేసి అదే చోటును మళ్లీ చూడాలి.